పదును చంపమని వచ్చిన అమ్మాయి

2007 జనవరి నెలాఖరు. అమీర్‌పేట చౌరస్తా దాటి లోపలికి తిరిగే సందులో మా సాన కొట్టు. ఒక పక్క జిరాక్సు సెంటరు, ఇంకో పక్క ఇడ్లీ బండి, నెత్తిమీద జావా, టెస్టింగ్ టూల్స్ నేర్పే ఇన్‌స్టిట్యూటు. పొద్దున ఆరింటికల్లా వీపులకు సంచులు తగిలించుకున్న పిల్లలతో సందు నిండిపోయేది. గోడ కనబడితే చాలు, ఏదో ఒక కోర్సు కాగితం అంటించి పోయేవారు. నా షట్టరును కూడా వదల్లేదు. నేను చించడం, వాళ్ళు అంటించడం. అంతమంది కంప్యూటరు మనుషుల మధ్య నేనొక్కణ్ణే ఎమరీ చక్రం ముందు కూర్చుని నిప్పురవ్వలు లేపుతుండేవాణ్ణి.

సాన పట్టడమంటే సైకిల్ మీద వీధులు తిరిగే పని అనుకుంటారు చాలామంది. ఆ మాటంటే నాకు మండుతుంది. దర్జీల కత్తెరలు, మంగలి కత్తులు, ప్రింటింగ్ ప్రెస్సుల కటింగ్ బ్లేళ్ళు, పంజాగుట్ట నర్సింగ్‌హోముల కత్తెరలు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తాం. గోటిని పట్టుకుని ఆగితే పదునున్నట్టు, జారిపోతే లేనట్టు. చక్రం మీద పట్టాక అంచు చివర వెంట్రుకంత ఉక్కు పొర లేస్తుంది. దాన్ని ‘బర్’ అంటారు. అది పోయేదాకా పని అయినట్టు కాదు.

మా నాయన పెట్టిన పద్ధతి ఇంకోటి ఉంది. పని అంతా అయ్యాక, వస్తువును గిరాకీ చేతికిచ్చే ముందు, నూనె రాయి మీద అంచును ఆఖరుసారి ఒక్క లాగు లాగాలి. దాన్ని మేం ‘సలాం’ అంటాం. మొండి ఇనుము మా కొట్టు గడప దాటకూడదనేది ఆయన పట్టుదల. ఒకసారి పొరపాటున సలాం పెట్టకుండా ఒక కత్తెర ఇచ్చేశానని తెలిసి, ఆ దర్జీ వెంట పంజాగుట్ట దాకా నడిచిపోయి దాన్ని వెనక్కి తెచ్చాడు. అలాంటి మనిషి కొడుకును నేను. కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంటావిడ అనడంలో అబద్ధమేమీ లేదు.

ఒక శుక్రవారం పదకొండింటికి కొట్టు ముందు ఆటో ఆగింది. మనిషి కంటే ముందు ఒక నిలువెత్తు సంచి దిగింది. దాని వెనక పాతికేళ్ళు దాటిన అమ్మాయి, మెడలో ఆఫీసు కార్డు.

“ఏవండీ, సాన పట్టేది ఇక్కడేనాండీ?”

“బోర్డు కనవడ్తలేదా అమ్మా? ఏముంది సంచిల?”

సంచి జిప్పు తీసింది. రెండు పొడుగాటి పలకలు. రెండు కొసలూ పడవ మూతిలా పైకి లేచి ఉన్నాయి. అడుగున రెండు పక్కలా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, సన్నటి ఉక్కు పట్టీ. వేలితో తాకి చూశాను. మంచి ఉక్కు.

“స్కీలండీ. మంచు మీద జారడానికి.”

“హైదరాబాదుల మంచేడుంది బిడ్డా, ఫ్రిజ్జులనా?”

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. పేరు శిరీష. వాళ్ళది తణుకు, శ్రీనగర్ కాలనీలో స్థిరపడ్డారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. కంపెనీ రెండేళ్ళు స్విట్జర్లాండు పంపితే అక్కడ స్కీలు నేర్చుకుంది. వెనక్కి వచ్చినా ఆ పిచ్చి వదల్లేదు, ఏటా చలికాలం సెలవు పెట్టి మనాలి పైన కొండలకు పోతుంది. వాలు మీద తిన్నగా జారడం కాదట ఆమెకు కావలసింది. ‘టెర్రెయిన్ పార్క్’ అని ఉంటుందట. మంచు వాలులో ఇనప గొట్టాలు పాతిపెడతారు, జారుతూ వచ్చి గొట్టం మీదికి ఎగిరి, స్కీలు అడ్డం తిప్పి, గొట్టం పొడుగునా జారి అవతల దిగాలి. ఆ గొట్టాన్ని ‘రెయిల్’ అంటారు.

“ఇంతకీ పదును ఎంత వెట్టాలె?”

“పెట్టడం కాదండీ, చంపాలి. దీన్ని డీట్యూనింగ్ అంటారు. ముందు కొస, వెనక కొస, బూటు కింద. ఈ మూడు చోట్లా అంచు గుండ్రంగా అయిపోవాలి. మధ్యలో మిగిలిన చోట పదును అలానే ఉండాలి, లేకపోతే గట్టి మంచు మీద ఆగలేను.”

“మొండి చెయ్యాల్నా? సాన కొట్టుకొచ్చి మొండి చెయ్యమంటున్నవా?”

ఆమె ప్యాంటు కాలు కాస్త పైకి మడిచి ఎడమ మోకాలు చూపించింది. మోకాలి పక్కన జానెడు కుట్ల మచ్చ. పోయినేడు రెయిల్ మీద అడ్డంగా జారుతుంటే బూటు కింది అంచు గొట్టాన్ని కరిచిందట. స్కీ ఆగిపోయింది, మనిషి ఆగలేదు. ఈ మోకాలు ఇంకోసారి మెలిపడితే స్కీలు మర్చిపోవాల్సిందేనని డాక్టరు చెప్పాడట. ఇటు చూస్తే ఇంకో పది రోజుల్లో మనాలికి పైదేశం కోచ్ ఒకాయన వస్తున్నాడు. నాలుగు రోజులు చూసి, ఇద్దరిని ఎంచుకుని, చలికాలమంతా తన దగ్గరే నేర్పిస్తాడు. అలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

“పాత జతకు నేనే చేసుకున్నానండీ. వంకరగా వచ్చింది. తీసేసిన ఉక్కును తిరిగి పెట్టలేం కదా. చెయ్యి తిరిగిన వాళ్ళు చేయాలి.”

చెయ్యి తిరిగిన వాళ్ళు అనేసరికి నేను పొంగిపోయాను. ఆ మూడు చోట్లా మార్కరుతో గీతలు గీసి, రేపు సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. శనివారం పొద్దున కొసలు రెండూ ఆమె చెప్పినట్టే గుండ్రం చేశాను. బూటు కింది భాగానికి వచ్చేసరికి నా చెయ్యి మొరాయించింది. మనిషి బరువంతా నిలబడేది అక్కడే కదా, పని చేసే చోట పదును లేకపోతే ఇక ఆ ఉక్కు ఎందుకు? చదువుకున్న పిల్ల, పాపం, పనిముట్టు సంగతి తెలియక ఏదో పొరబడింది అనుకున్నాను. అడగొచ్చు. ఆమె నంబరు కాగితం మీద రాసిచ్చింది, ఫోను పక్కనే ఉంది. అడగలేదు. బూటు కింది అంచుకు రెండు పక్కలా రాయి పట్టి, ఉన్న పదును మీద ఇంకా పదును పెట్టి, ఆఖర్న నాయన పద్ధతిలో సలాం కూడా లాగాను. గోటి మీద పెడితే కొరికినట్టు పట్టుకుంది. పదునైన చోట మైనం కాగితం చుట్టి ఇవ్వడం మా అలవాటు, అలానే చుట్టాను. చెప్పకుండా మేలు చేశానని నా మురిపెం.

సాయంత్రం వచ్చి కొసలు తడిమి చూసి మురిసిపోయింది. “అబ్బ, ఎంత నున్నగా ఉందో! బాబాయ్ అనొచ్చా మిమ్మల్ని?” అంది. మధ్యన ఉన్న కాగితం విప్పబోయి, “మీరు చేశారుగా, చాలు” అని వదిలేసింది. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

మర్నాడు ఆదివారం. సనత్‌నగర్‌లో ప్రాక్టీసు, మీరూ రావాలి అని పిలిస్తే పోయాను. మొయిన్ భాయ్ అని ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉన్నాయన, కిటికీ గ్రిల్లులు, గేట్లు చేస్తాడు. ఆదివారం మిషన్లు ఆగి ఉంటాయి కాబట్టి షెడ్డు ఈమెకు వదిలేస్తాడు. నా పేరు యాదగిరి అని పరిచయం చేసుకున్నాను. లోపల ఇంటి డాబా ఎత్తున చెక్కల వాలు. దాని మీద ప్లాస్టిక్ పచ్చగడ్డి పరిచి సబ్బు నీళ్ళు పోశారు. వాలు దిగిన చోట, రెయిల్ బదులు, కాళ్ళ మీద నిలబెట్టిన పొడుగాటి ఇనప గొట్టం. అవతల పాత పరుపుల గుట్ట. మంచు లేని ఊళ్ళో మంచును ఇలా కూడా తయారు చేసుకుంటారా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, మొయిన్ భాయ్ నా రెక్క పట్టి లాగాడు.

“అరె యాదగిరి భాయ్, జర ఇటు జరుగు. మస్తు స్పీడుల వస్తది గామె.”

మైనం కాగితాలు విప్పి పడేసి, స్కీలు కట్టుకుని, హెల్మెట్టు పెట్టుకుని, శిరీష పైన నిలబడింది. ఒక్క ఊపులో జారింది. ఎగిరింది. గొట్టం మీద స్కీలు అడ్డం తిరిగాయి. అంతే, కిర్రుమని చెవులు చిల్లులు పడే మోత. నాకు తెలిసిన మోత అది. ఉక్కు ఇనుమును కోసేటప్పుడు వచ్చేది. స్కీ గొట్టానికి అతుక్కుపోయింది, అమ్మాయి గాల్లోకి విసిరేసినట్టు పోయి పరుపుల అంచున ఎడమ చేతి మీద పడింది.

మేం పరుగెత్తేసరికి కూర్చుని మోకాలు పట్టుకుని ఉంది. “మోకాలు బాగానే ఉంది, మోకాలు బాగానే ఉంది” అని తనకు తానే చెప్పుకుంటోంది. మణికట్టు అప్పటికే ఉబ్బుతోంది. నేను గొట్టం వైపు చూశాను. దాని మీద వేలెడు పొడుగు గాటు, గాటు చివర చుట్టచుట్టుకున్న సన్నటి లోహపు పొర. అంత శుభ్రంగా కోయగలిగే అంచు ఆ షెడ్డులో ఒక్కటే ఉంది, దాన్ని చేసింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

పంజాగుట్టలో మేం కత్తెరలకు సాన పట్టే నర్సింగ్‌హోముకే తీసుకుపోయాను. చేతికి వేసుకున్న బిగుతు గ్లౌజు వాపు వల్ల ఊడి రావట్లేదు. రాజమణి సిస్టర్ కత్తెర తీసుకుని వచ్చింది. కట్లు కోసే వంకర కత్తెర, పిడి దగ్గర మా కొట్టు గుర్తు, రెండు చుక్కలు. ఇరవై ఏళ్ళుగా నా చేతుల మీదుగా పోతున్న కత్తెరలే అవి. దాని కింది రేకు చివర చిన్న మొండి బుడిపె ఉంటుంది. ఆ బుడిపెను గ్లౌజుకూ చర్మానికీ మధ్యన దూర్చి, ఉబ్బిన చేతి మీదుగా సర్రున పైదాకా పోనిచ్చింది. గ్లౌజు రెండుగా చీలింది. చేతి మీద చిన్న గీత కూడా పడలేదు.

నేను ఆ బుడిపెను వేలితో తాకి చూశాను.

“సిస్టర్, గా కొస ఎందుకు మొండిగుంటది?”

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “గదేం ప్రశ్న అన్నా? నువ్వే గదా సాన వట్టేది! కొసకు పదునుంటే తోలుల దిగదా? మొండిగుంటదనే గదా నమ్మి లోపలికి దూర్చేది.”

ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళుగా ఆ బుడిపెను రాయికి తగలనీయకుండా జాగ్రత్తగా తప్పించుకుంటూ వచ్చాను. నాయన తప్పించాడు కాబట్టి నేనూ తప్పించాను. ఎందుకని ఒక్కనాడూ అనుకోలేదు. ఎవరో ఎప్పుడో ఆలోచించి, పదునైన దాని కొసనే ఇంత శ్రద్ధగా మొండి చేశారు. ఆ బుడిపె చేసే పని నా పదును చేసే పని కంటే తక్కువది కాదు. ఆ చిన్న గదిలో నిలబడి నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఎముక విరగలేదు, బెణికింది, కట్టు కట్టుకుని జాగ్రత్తగా ఉంటే చాలన్నారు. బయటి బెంచీ మీద కూర్చున్నాక ఉన్నదున్నట్టు చెప్పేశాను. బూటు కింద మొండి చేయలేదని, పైగా పదును పెట్టానని.

శిరీష కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. “అర్థం కాకపోతే అడగాలి కదా బాబాయ్. ఆ మోకాలు నాది” అంది మెల్లగా. అరిచినా బాగుండేది.

“తప్పు నాదే బిడ్డా. గవి మళ్ళొక్కసారి నా చేతికియ్యి. గీసారి నువ్వు చెప్పిందే చేస్త. అర్థం గాకుంటే పదిసార్లు అడుగుత.”

“శనివారం రైలు. ఆరు రోజులే ఉన్నాయి.”

“సాల్తయి.”

ఆమె ఇచ్చింది. ఎందుకు నమ్మిందో ఇప్పటికీ నాకు తెలియదు.

సోమవారం మొదలుపెట్టిన పని రాయి మీద కాదు, మొయిన్ భాయ్ షెడ్డులో. ఫిట్టర్లు అతుకులు చూసుకోవడానికి వాడే నీలిరంగును గొట్టం పొడుగునా పూశాను. ఆమెను స్కీలతో గొట్టం మీద అడ్డంగా నిలబెట్టి, అటు మొయిన్ భాయ్, ఇటు నేను భుజాలు పట్టుకుని మెల్లగా జరిపాం. కిందికి దించి స్కీలు తిప్పి చూస్తే, అంచు ఎక్కడెక్కడ గొట్టాన్ని తాకుతోందో అక్కడల్లా నీలం అంటుకుంది. మార్కరు గీతల కంటే నాలుగు వేళ్ళు ముందుకు కూడా ఉంది.

“ఇంత ముందుకా? నాకే తెలీదు బాబాయ్!” అని ఆశ్చర్యపోయింది.

“నువ్వు బరువు జర ముందలికి వేస్తున్నవ్. గీడిదాంక చంపుదామా?”

“చంపండి.”

చక్రం ముట్టలేదు. ఆకురాయిని ఏటవాలుగా పట్టి, ఒక్కో లాగుకూ ఆగి, చేత్తోనే తీశాను. అక్కడే ఇంకో చిక్కొచ్చింది. గట్టి రాయితో నున్న చేయబోతే గుండ్రానికి పక్కన సన్నగా ఇంకో మూల లేస్తోంది. విదేశాల్లో దీనికి ‘గమ్మీ స్టోన్’ అని మెత్తటి రాయి ఉంటుంది, రబ్బరులో గరుకు కలిపి చేస్తారు అని శిరీష చెప్పింది. రబ్బరు, గరుకు అనగానే నాకు మా మేడ మీద ఒకప్పుడు ఉన్న టైపు ఇన్‌స్టిట్యూటు గుర్తొచ్చింది. కంప్యూటర్లొచ్చి అది మూతపడ్డప్పుడు, టైపు మాస్టారు పోతూ పోతూ ఒక డబ్బా ఇచ్చిపోయారు. నిండా టైపు అక్షరాలు చెరిపే గరుకు రబ్బర్లు. కత్తుల తుప్పు తుడవడానికి పనికొస్తాయని దాచుకున్నాను. అవి తీసి రుద్దితే, అంచు వంపును పట్టుకుని పోయింది రబ్బరు. అద్దంలా వచ్చింది.

పదును ఎంత పెట్టాలో నా గోటికి తెలుసు. ఎంత చంపాలో తెలియదు. ఈసారి గోటిని పట్టుకుంటే తప్పు, జారితే ఒప్పు. పైగా చచ్చిన చోటు నుంచి బతికిన చోటుకు ఒక్కసారిగా మారకూడదు, జానెడు మేర మెల్లమెల్లగా పదును లేచి రావాలి. పదును పెట్టేటప్పుడు తప్పు చేస్తే మళ్ళీ పెట్టొచ్చు. ఇక్కడ ఎక్కువ తీస్తే అంతే సంగతులు. ముప్ఫై ఏళ్ళ పనిలో ఏనాడూ అంత భయపడుతూ చేయలేదు. మూడు రోజులు పట్టింది. పని అయిపోగానే అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే నూనె రాయి వైపు పోయింది. వెనక్కి లాక్కున్నాను. నాయన ఫోటో వైపు చూడకుండా, మొండి అంచును నా చేత్తోనే గడప దాటించాను.

గురువారం పొద్దున, షెడ్డులో పని మొదలుకాకముందు, చేతికి కట్టుతో శిరీష పైకెక్కింది. ఈసారి కాగితాలేమీ లేవు. ప్రతి అంగుళం తన గోటితో తనే చూసుకుంది. జారింది. ఎగిరింది. స్కీలు అడ్డం తిరిగాయి.

మోత లేదు. నేను ఆ కిర్రుమనే మోత కోసం పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను, అది రానే లేదు. ఉయ్యాల గొలుసు ఊగినంత సన్నటి చప్పుడు, అంతే. రెండు చేతులూ చాపి, నడుం కొంచెం వంచి, ఆ ఇనప గొట్టం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆ పిల్ల అలా తేలిపోయింది. గాలి మీద నిలబడ్డట్టే ఉంది. చివర్న సగం తిరిగి, కాళ్ళు రెండూ ఒక్కసారే పరుపుల మీద ఆనించి నిలబడింది. మనిషి అలా కూడా కదలగలదని అంతకుముందు నాకు తెలియదు. నా చేత్తో చంపిన అంచు మీదే కదిలింది.

“ఏంది భాయ్, కళ్ళల్ల నీళ్ళు?” అన్నాడు మొయిన్ భాయ్.

“సబ్బునీళ్ళు చిల్లినయ్” అన్నాను.

పదిసార్లు చేసింది. పదిసార్లూ చూశాను. తర్వాత పోయి గొట్టం తడిమితే పాత గాటు తప్ప కొత్త గీత ఒక్కటీ లేదు.

తర్వాత పన్నెండు రోజులకు మధ్యాహ్నం కొట్టు ఫోను మోగింది. అవతల గాలి హోరు, దాని మధ్యన శిరీష అరుపు.

“బాబాయ్, తీసుకున్నారు! ఇద్దర్లో నేనొకదాన్ని! నాలుగు రోజుల్లో ఒక్క రెయిల్ మీద కూడా అంచు పట్టుకోలేదు!”

నేను షట్టరు పట్టుకుని నిలబడ్డాను. “మోకాలు?”

“మోకాలు బంగారంలా ఉంది. ఇంకోటి విను బాబాయ్. ఆఖరి రోజు వాలు చివర గాజులాంటి ఐసు. అక్కడ ఆగలేక ఇద్దరు పోయి వలలో పడ్డారు. నేను ఆగాను. నువ్వు మిగిల్చిన చోటుందే, ఆ పదును మీద ఆగాను.”

ఎప్పుడు మీరు నుంచి నువ్వుకు దిగిందో నేను గమనించలేదు. ఇడ్లీ బండి ఆయన వచ్చి ఏమైందని అడిగితే, మా పిల్ల మంచు మీద ఆగిందని చెప్పాను. అతనికి ఏమర్థమైందో గానీ తలూపాడు.

ఆనాటి నుంచి కొట్టుకు ఏ పనిముట్టు వచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: ఇది ఎక్కడ తెగకూడదు? మొదట్లో అందరూ నవ్వేవారు. యూసుఫ్‌గూడ దర్జీ ఒకాయన నవ్వి, నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి, “కింది రేకు కొస అన్నా. లైనింగు గుడ్డను పట్టి చింపుతుంది, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను” అన్నాడు. క్షవరం చేసే ఆయనైతే చెవి వెనక తగిలే మూల చూపించాడు. అడిగితే అందరి దగ్గరా ఒక చోటు ఉంది. అన్నేళ్ళూ నేను అడగలేదు, అంతే.

నర్సింగ్‌హోము కత్తెరలు ఇప్పటికీ వస్తాయి. పదును పెట్టి, బర్ తీసి, నూనె రాయి మీద నాయన సలాం లాగుతాను. అక్కడితో ఇచ్చేయను. కింది రేకు చివరి మొండి బుడిపెను టైపు రబ్బరుతో తుడిచి, నా బొటనవేలి గోరు మీద ఆనించి లాగుతాను. అది పట్టకుండా జారిపోయాకే ఆ కత్తెర మా గడప దాటుతుంది.